తొమ్మిది రోజులు, నాలుగు మ్యాచ్‌లు, ఒకే బెర్తు: అండర్-17 క్వాలిఫయర్స్ అసలు లెక్క

2025 నవంబరు 30న అహ్మదాబాద్‌లోని ఈకేఏ అరేనాలో భారత అండర్-17 జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మొదట గోల్ కొట్టింది ఇరానే. విరామానికి ముందు దక్కిన పెనాల్టీతో స్కోరు సమమైంది. రెండో అర్ధభాగం మొదలైన కాసేపటికే మన రెండో గోల్ పడింది. ఆ ఆధిక్యాన్ని కుర్రాళ్లు చివరిదాకా కాపాడుకున్నారు. ఈ వయసు విభాగంలో ఇరాన్ చిన్న పేరేమీ కాదు. 2023 అండర్-17 ప్రపంచకప్‌లో బ్రెజిల్‌ను 3-2తో ఓడించిన దేశం అది. కాబట్టి ఈ గెలుపును సంచలనం అంటే అతిశయోక్తి కాదు.

కానీ పాయింట్ల పట్టిక చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. పాలస్తీనాతో 1-1 డ్రా, చైనీస్ తైపీపై 3-1 గెలుపు, లెబనాన్ చేతిలో 0-2 ఓటమి, ఆఖరున ఇరాన్‌పై విజయం. మొత్తం 7 పాయింట్లు. ఇరాన్‌కూ 7 పాయింట్లే. భారత్ కొట్టిన గోల్స్ ఆరు, సమర్పించుకున్నవి ఐదు. గోల్ తేడా +1 మాత్రమే. ఇద్దరిలో ఎవరు పైన అన్నది తేల్చింది గోల్ తేడా కాదు, ముఖాముఖి ఫలితం. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధన అలా ఉంది కాబట్టి లెక్క గోల్ తేడా దాకా వెళ్లనే లేదు.

ఇదేమీ భారత్ గెలుపును తక్కువ చేయడానికి చెబుతున్న మాట కాదు. నిబంధన ముందే అందరికీ తెలుసు, ఆ మ్యాచ్ గెలవాల్సింది, గెలిచారు. చెప్పదలచుకున్నది వేరే. కుర్రాళ్ల ఫుట్‌బాల్‌లో క్వాలిఫయర్స్ ఫలితం ఆట ఒక్కదాని మీదే ఆధారపడదు. బెర్తులు ఎన్ని, గ్రూపులో జట్లు ఎన్ని, పాయింట్లు సమానమైతే ఏం చూస్తారు, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఎన్ని రోజులు, మైదానం ఎవరిది, ఏ ఏడాది పుట్టినవాళ్లకు అర్హత అన్నవన్నీ కలిసి దాన్ని తేలుస్తాయి. సీనియర్ ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లోనూ ఇవి ఉంటాయి. కాకపోతే అక్కడ నెలలు, సంవత్సరాల తరబడి, ఇంటా బయటా సాగే మ్యాచ్‌ల్లో చాలా హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. పదహారేళ్ల పిల్లలకు దొరికేది ఒక వారం, మహా అయితే పది రోజులు. అందులో ఒక చెడ్డ రోజు పడిందంటే ఆ బ్యాచ్ కథ అక్కడితో సరి.

మూడు సార్లు, మూడు రకాల తలుపులు

భారత జట్టు వరుసగా ఆడిన మూడు క్వాలిఫయర్స్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

2022 అక్టోబరులో సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో భారత్ మాల్దీవులను 5-0తో, కువైట్‌ను 3-0తో, మయన్మార్‌ను 4-1తో ఓడించి, ఆతిథ్య సౌదీ చేతిలో 1-2తో ఓడింది. గ్రూపులో రెండో స్థానం. అయినా రెండో స్థానాల్లో నిలిచిన మెరుగైన జట్లకు కొన్ని బెర్తులు ఉండడంతో 2023 ఆసియా కప్‌లో చోటు దొరికింది. థాయ్‌లాండ్‌లో జరిగిన ఆ టోర్నీలో వియత్నాంతో 1-1 డ్రా, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1, జపాన్ చేతిలో 4-8. ఎనిమిది గోల్స్ ఇచ్చారన్నది నిజం, కప్పు కొట్టబోయే జపాన్‌కు నాలుగు గోల్స్ వేశారన్నదీ నిజం.

2024 అక్టోబరులో థాయ్‌లాండ్‌లోని చోన్‌బురిలో తొలి మ్యాచ్‌లోనే బ్రూనైపై 13-0. తర్వాత తుర్క్‌మెనిస్తాన్‌పై 1-0. ఆఖరి మ్యాచ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌తో డ్రా చేసుకున్నా చాలు. 2-3తో ఓడారు. ఈసారి కూడా రెండో స్థానమే, ఈసారి కూడా రెండో స్థానాల్లోని ఐదు మెరుగైన జట్లకు బెర్తులు ఉన్నాయి. కానీ ఆ ఐదింటిలో భారత్ లేదు. పదమూడు గోల్స్ గెలుపు ఎందుకూ కొరగాలేదు.

2025లో తలుపు సగం మూసేశారు. 38 జట్లను ఏడు గ్రూపులు చేశారు, గ్రూపు విజేతలకు మాత్రమే ప్రవేశం. రెండో స్థానం అంటే ఇంటికే. మిగిలిన తొమ్మిది బెర్తులు అంతకుముందే నిండిపోయాయి. 2025 అండర్-17 ప్రపంచకప్ ఆడిన తొమ్మిది ఆసియా జట్లను క్వాలిఫయర్స్ ఆడకుండానే నేరుగా ఆసియా కప్‌కు తీసుకున్నారు. దానికి కారణం కూడా ఉంది. ఖతార్‌లో ప్రపంచకప్ నవంబరు 3 నుంచి 27 దాకా జరిగింది, ఆసియా క్వాలిఫయర్స్ నవంబరు 22న మొదలయ్యాయి. ప్రపంచకప్ ప్రతి ఏటా పెట్టాలని ఫిఫా నిర్ణయించాక క్యాలెండర్‌లో ఖాళీ లేకుండా పోయింది.

ఇక్కడే ఒక చిక్కుంది, దీని గురించి పెద్దగా చర్చ జరగడం లేదు. 2025 ప్రపంచకప్ ఆడింది 2008 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు. 2026 ఆసియా కప్‌కు అర్హులు 2009 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు. అంటే అన్నలు సంపాదించిన మినహాయింపును తమ్ముళ్లు అనుభవిస్తున్నారు. ఈ తమ్ముళ్లు ఎలా ఆడతారో ఒక్క పోటీ మ్యాచ్‌లో కూడా పరీక్షించకుండానే బెర్తు వచ్చేసింది. దీన్ని తిరగేసి చూస్తే భారత్ పరిస్థితి అది. చోన్‌బురిలో 2008 బ్యాచ్ ఒక్క గోల్ తేడాతో ఓడింది, కాబట్టి ఆసియా కప్ లేదు, ఆసియా కప్ లేదు కాబట్టి ప్రపంచకప్‌కు దారే లేదు, ప్రపంచకప్ లేదు కాబట్టి 2009 బ్యాచ్ ఇంకా ఇరుకైన తలుపు గుండా రావాల్సి వచ్చింది. ఒకసారి లోపలికి వెళ్లినవాళ్లు లోపలే ఉండేలా, బయటివాళ్లు ప్రతి ఏడూ క్యూలో నిలబడేలా ఉంది ఈ ఏర్పాటు.

ఆ క్యూలోంచి చైనా, యెమెన్, వియత్నాం, థాయ్‌లాండ్, మయన్మార్, ఆస్ట్రేలియాలతో పాటు భారత్ బయటపడింది.

సమానమైతే ఏం చేస్తారు

పాయింట్లు సమానమైనప్పుడు ప్రపంచంలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ముందు మొత్తం గోల్ తేడా చూడడం ఒకటి. ముందు ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ ఫలితం చూడడం రెండోది. ఆసియా, యూరప్ సమాఖ్యలు రెండో పద్ధతిలో వెళతాయి. మూడు జట్లు సమానమైతే ఆ మూడింటి మధ్య జరిగిన మ్యాచ్‌లతో ఒక చిన్న పట్టిక వేస్తారు. అక్కడా తేలకపోతే మొత్తం గోల్ తేడా, ఆ తర్వాత మొత్తం గోల్స్. ఆసియాలో ఇంకో విచిత్రమైన మలుపు కూడా ఉంది. అన్ని విధాలా సమానంగా మిగిలినవి రెండే జట్లయి, అవి ఆఖరి రౌండ్‌లో ఒకదానితో ఒకటి ఆడి ఉంటే, అక్కడికక్కడే పెనాల్టీ షూటౌట్ పెట్టేస్తారు. గ్రూపు మ్యాచ్‌కు షూటౌట్ ఏమిటని మొదటిసారి చూసేవాళ్లు తల గోక్కుంటారు.

కుర్రాళ్ల పోటీల్లో ముఖాముఖి పద్ధతే న్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే ఈ వయసులో జట్ల మధ్య అంతరం భయంకరంగా ఉంటుంది. బ్రూనైపై 13-0 సంగతి చూశాం. 2025 ఫిబ్రవరిలో ఉత్తర, మధ్య అమెరికా క్వాలిఫయర్స్‌లో అమెరికా జట్టు యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌పై 22-0తో గెలిచింది. అదే ఏడాది ప్రపంచకప్‌లో న్యూ కాలెడోనియాపై మొరాకో 16-0తో గెలిచి టోర్నీ రికార్డు సృష్టించింది. గోల్ తేడాతోనే బెర్తు తేలుతుందంటే బలహీన జట్టుపై ఎవరు ఎక్కువ గోల్స్ కుమ్మరించారన్నదే పోటీ అయిపోతుంది. అప్పటికే పది గోల్స్ తిన్న పిల్లల మీద పదకొండోది, పన్నెండోది కొట్టమని కోచ్ అరవాల్సి వస్తుంది. అందులో ఇరుపక్షాలు నేర్చుకునేది ఏమీ ఉండదు.

రెండో స్థానాల పోలికలోనూ ఇదే తలనొప్పి. ఒక గ్రూపులో ఐదు జట్లు, మరో గ్రూపులో నాలుగు ఉంటే పాయింట్లను నేరుగా పోల్చలేరు. అందుకని పెద్ద గ్రూపుల్లో అట్టడుగున నిలిచిన జట్టుతో ఆడిన మ్యాచ్‌ను లెక్కలోంచి తీసేయడం మామూలు పద్ధతి. టీవీలో చూసేవాళ్లకు ఆరు పాయింట్లు కనిపిస్తాయి, నిర్వాహకుల కాగితం మీద మూడే ఉండొచ్చు. ప్రేక్షకుడికి అర్థం కాని లెక్కతో ఒక పిల్లవాడి ఏడాది కష్టం తేలిపోవడం మంచి పద్ధతి కాదు. ఆ రకంగా చూస్తే గ్రూపు విజేతకే బెర్తు అన్న 2025 నిబంధన కఠినమే గానీ స్పష్టంగా ఉంది. గెలిస్తే లోపల, లేకపోతే బయట.

కాళ్లలో ఎంత శక్తి మిగిలింది

అహ్మదాబాద్‌లో భారత్ ఆడిన తేదీలు చూడండి: నవంబరు 22, 26, 28, 30. ఐదు జట్ల గ్రూపు కాబట్టి ప్రతి రౌండ్‌లో ఒక జట్టు ఖాళీగా కూర్చోవాలి, 24న ఆ వంతు భారత్‌ది. ఆ తర్వాత రోజు విడిచి రోజు మూడు మ్యాచ్‌లు. ఆరు జట్లున్న గ్రూపుల్లోనైతే తొమ్మిది రోజుల్లో ఐదు మ్యాచ్‌లు. సీనియర్ క్లబ్బులు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడితేనే ఆటగాళ్లు అలసిపోతున్నారని మేనేజర్లు మొత్తుకుంటారు. ఇక్కడ ఆడేది ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలు.

దీన్ని ఇలా ఎందుకు పెడతారంటే డబ్బు, చదువు. ఐదు జట్లను ఒకే ఊళ్లో దింపి, ఒకే మైదానంలో ఆడించి, పది రోజుల్లో పంపేస్తే విమాన ఖర్చులు ఒక్కసారితో పోతాయి, బడి కూడా ఎక్కువ పోదు. ఇంటా బయటా పద్ధతిలో పెట్టాలంటే చిన్న దేశాల సమాఖ్యలు అసలు జట్టే పంపలేవు. కాబట్టి ఈ మినీ టోర్నమెంట్ పద్ధతి ఇప్పట్లో పోదు. దాని పర్యవసానం మాత్రం గుర్తుంచుకోవాలి. ఇలాంటి చోట నెగ్గేది మంచి పదకొండు మంది ఉన్న జట్టు కాదు, మంచి ఇరవై మంది ఉన్న జట్టు. బెంచీ మీది పిల్లలను ఎప్పుడు దింపాలి, ఏ మ్యాచ్‌లో ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి అన్నదే కోచ్ అసలు పని. రెండు ఎల్లో కార్డులతో కీలకమైన డిఫెండర్ ఆఖరి మ్యాచ్‌కు దూరమైతే గ్రూపు తలకిందులవుతుంది. లెబనాన్ చేతిలో ఓడిన రెండు రోజులకే అదే జట్టును ఇరాన్ మీదికి సిద్ధం చేయడం కోచ్ బిబియానో ఫెర్నాండెజ్‌కు ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు.

సొంత మైదానం విలువ కూడా ఇక్కడ మామూలు కన్నా ఎక్కువ. ఒకే ఊళ్లో అన్ని మ్యాచ్‌లూ జరుగుతాయి కాబట్టి ఆతిథ్య జట్టు ప్రతి మ్యాచ్ ఇంట్లోనే ఆడుతుంది, మిగిలినవాళ్లు ఒక్కటీ ఆడరు. భారత్ 2022లో ఓడింది ఆతిథ్య సౌదీ చేతిలో, 2024లో ఓడింది ఆతిథ్య థాయ్‌లాండ్ చేతిలో. 2025లో తానే ఆతిథ్యమిచ్చి గ్రూపు గెలిచింది. అదే నెలలో చైనా, వియత్నాం కూడా సొంతగడ్డపైనే గ్రూపులు గెలిచాయి. ఏ కోచింగ్ క్యాంపు కన్నా ముందు ఫుట్‌బాల్ సమాఖ్య ఆఫీసులో వేసే ఆతిథ్య బిడ్డే ఒక బెర్తుకు సగం దారి అని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం.

అమ్మాయిల విభాగంలో పరిస్థితి ఇంకా సూటిగా ఉంటుంది. 2025 అక్టోబరులో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో భారత అండర్-17 అమ్మాయిల గ్రూపులో ఉన్నవి మూడే జట్లు. అంటే రెండే మ్యాచ్‌లు. కిర్గిజ్‌స్తాన్‌పై 2-1, ఆ తర్వాత ఒక గోల్ వెనకబడి కూడా ఉజ్బెకిస్తాన్‌పై 2-1. ఆ రెండు గెలుపులతో క్వాలిఫయర్స్ దాటి చైనాలో జరిగే 2026 ఆసియా కప్‌కు అర్హత వచ్చింది. రెండు మ్యాచ్‌ల్లో ఒకటి పోయి ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

పుట్టిన సంవత్సరం

కుర్రాళ్ల ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద లాటరీ ఇది. అండర్-17 ప్రపంచకప్ 1985లో చైనాలో అండర్-16 పోటీగా మొదలైంది, తొలి విజేత నైజీరియా. 1991 నుంచి అండర్-17. అప్పటి నుంచి రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చింది. అర్హత గీత జనవరి 1 దగ్గర పడుతుంది. 2017లో భారత్‌లో జరిగిన టోర్నీకి 2000 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు, 2019లో బ్రెజిల్‌లో జరిగిన దానికి 2002 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు అర్హులు. మరి 2001లో పుట్టినవాడి సంగతి? 2017లో వాడికి పదహారు, తన కన్నా ఏడాది పెద్దవాళ్లతో పోటీ పడాలి. 2019 వచ్చేసరికి వయసు దాటిపోయింది. పదహారేళ్లప్పుడు ఏడాది తేడా అంటే ఎత్తులో, బరువులో, వేగంలో చాలా తేడా. ఇలా రెండేళ్లకోసారి పద్ధతి ఒక బ్యాచ్‌ను వదిలి ఒక బ్యాచ్‌ను నష్టపరుస్తూ వచ్చింది. ఇది ప్రతిభకు సంబంధించిన విషయమే కాదు, తల్లిదండ్రుల క్యాలెండర్‌కు సంబంధించింది.

2025 నుంచి 2029 దాకా ఖతార్‌లో ప్రతి ఏటా ప్రపంచకప్ పెట్టాలన్న నిర్ణయాన్ని చాలామంది డబ్బు కోణంలోనే విమర్శించారు. ఆ విమర్శలో పస ఉంది. కానీ ప్రతి పుట్టిన సంవత్సరానికీ తనదైన ఒక అవకాశం రావడం దీని మంచి పక్క. జట్ల సంఖ్య 24 నుంచి 48కి పెరగడం రెండోది. ఆసియాకు ఎనిమిది బెర్తులు, ఆతిథ్య ఖతార్ అదనం. 16 జట్ల ఆసియా కప్‌లో క్వార్టర్ ఫైనల్ చేరితే చాలు, ప్రపంచకప్‌లో ఉన్నట్టే.

ఈ లెక్క ఎంత మారిందో 2018ని చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది మలేసియాలో జరిగిన ఆసియా అండర్-16 టోర్నీలో ఇదే బిబియానో ఫెర్నాండెజ్ శిక్షణలో భారత్ వియత్నాంను 1-0తో ఓడించి, ఇరాన్, ఇండోనేసియాలతో 0-0 డ్రా చేసుకుని క్వార్టర్స్ చేరింది. అక్కడ దక్షిణ కొరియా చేతిలో 0-1తో ఓడింది. అప్పట్లో ప్రపంచకప్ బెర్తులు సెమీస్ చేరిన నలుగురికే. ఒక్క గోల్‌తో కల చెదిరింది. ఇప్పటి నిబంధన అప్పుడు ఉండి ఉంటే ఆ జట్టు నేరుగా ప్రపంచకప్‌కు వెళ్లేది. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆ జట్టు 2025 క్వాలిఫయర్స్ జట్టు కన్నా తక్కువదని ఎవరనగలరు?

ఇక సంవత్సరం లోపల కూడా వివక్ష ఉంది. గీత జనవరి 1 దగ్గర ఉంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టిన పిల్లలు డిసెంబరులో పుట్టినవాళ్ల కన్నా దాదాపు ఏడాది పెద్ద. సెలక్షన్లలో పొడుగ్గా, దృఢంగా ఉన్నవాడే కంటికి ఆనతాడు. ప్రపంచవ్యాప్తంగా అండర్-17 జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉంటారన్నది క్రీడా పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్న విషయం. ఆలస్యంగా ఎదిగే పిల్లలు ఈ జల్లెడలో రాలిపోతారు. క్వాలిఫయర్స్ ఎంత ఇరుకైతే కోచ్ అంతగా ఇప్పటికిప్పుడు గెలిపించే శరీరాన్ని వెతుకుతాడు. ఇందులో కోచ్‌ను తప్పు పట్టి లాభం లేదు.

దొంగ వయసులు

అవకాశం ఒక్కసారే అన్నప్పుడు వయసు తగ్గించి చూపే ప్రలోభం పుడుతుంది. దీనికి చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన ఉదాహరణ మెక్సికో. 1988లో అండర్-20 ప్రపంచ టోర్నీ క్వాలిఫయర్స్‌లో వయసు మించిన ఆటగాళ్లను ఆడించింది. సంగతి బయటపడింది ఎలాగంటే, సమాఖ్య తానే అచ్చేసిన పుస్తకంలో ఆ ఆటగాళ్ల అసలు వయసులు ఉన్నాయి! ఫిఫా రెండేళ్ల పాటు మెక్సికో జట్లన్నిటినీ అంతర్జాతీయ పోటీల నుంచి బహిష్కరించింది. 1988 ఒలింపిక్స్ పోయాయి, 1990 సీనియర్ ప్రపంచకప్ కూడా పోయింది. మెక్సికో లేని ఆ క్వాలిఫయర్స్‌లోంచి అమెరికా 1950 తర్వాత మొదటిసారి ప్రపంచకప్‌కు వెళ్లింది. కుర్రాళ్ల క్వాలిఫయర్స్‌లో చేసిన మోసం రెండు దేశాల సీనియర్ ఫుట్‌బాల్ చరిత్రనే మార్చేసింది. ఆ కాలంలోనే నైజీరియా కూడా వయసు విషయంలో నిషేధానికి గురైంది.

కాగితాలను నమ్మలేమని తేలాక ఫిఫా శరీరాన్నే అడగడం మొదలుపెట్టింది. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్ నుంచి మణికట్టు ఎంఆర్ఐ పరీక్ష వచ్చింది. ముంజేతి ఎముక చివర, మణికట్టు దగ్గర ఎదుగుదల పలక ఒకటి ఉంటుంది. యవ్వనం ముగిసే కొద్దీ అది ఎముకలో కలిసిపోతుంది. ఎంతవరకు కలిసిందో ఆరు దశలుగా చూస్తారు. పూర్తిగా కలిసిపోయిన ఆరో దశలో ఉంటే ఆ కుర్రాడికి పదిహేడు దాటి ఉంటుందని లెక్క. ఎక్స్‌రేలా రేడియేషన్ ఉండదు కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు చేయడానికి అభ్యంతరం లేదు.

పరీక్ష ఎంత పని చేస్తుందో కామెరూన్ చూపించింది. 2023 జనవరిలో మధ్య ఆఫ్రికా అండర్-17 క్వాలిఫయర్స్‌కు ముందు 30 మందికి ఎంఆర్ఐ తీయిస్తే 21 మంది ఫెయిలయ్యారు. అప్పటి సమాఖ్య అధ్యక్షుడు, మాజీ స్టార్ శామ్యూల్ ఎటో ఆదేశాలతోనే ఈ పరీక్షలు జరిగాయి. టోర్నీ ముంగిట మూడింట రెండొంతుల జట్టు ఖాళీ. అయితే ఈ పరీక్షకూ పరిమితి ఉంది. పద్దెనిమిదేళ్లొచ్చినా పలక ఇంకా పూర్తిగా కలవని కుర్రాడు నిక్షేపంగా పాసైపోతాడు. చాలా అరుదుగా, నిజంగా పదహారేళ్లవాడు ఫెయిలయ్యే ప్రమాదమూ ఉంది. మరీ పెద్దవాళ్లను పట్టుకుంటుందే తప్ప అసలు వయసు చెప్పదు. జనన ధ్రువీకరణ పత్రాలు సక్రమంగా లేని మన దేశంలాంటి చోట్ల ఈ పరిమితి చిన్నదేమీ కాదు.

ఆస్ట్రియా పాఠం

తలుపు వెడల్పు ఎంత ముఖ్యమో అనుమానం ఉన్నవాళ్లు 2025 ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్లను చూడాలి. పోర్చుగల్ 1-0తో ఆస్ట్రియాను ఓడించి కప్పు గెలిచింది. పోర్చుగల్ అప్పటికే యూరప్ చాంపియన్. మరి ఆస్ట్రియా? ఆ ఏడాది అల్బేనియాలో జరిగిన యూరప్ అండర్-17 టోర్నీకి ఆస్ట్రియా అర్హతే సాధించలేదు. ఎనిమిది జట్ల ఆ టోర్నీలో ఒకటి ఆతిథ్య అల్బేనియా, మిగిలిన ఏడు క్వాలిఫయర్స్ గ్రూపు విజేతలు. ఆస్ట్రియా తన గ్రూపులో రెండో స్థానం. పాత పద్ధతిలోనైతే అక్కడితో కథ ముగిసేది.

ప్రపంచకప్‌కు యూరప్ బెర్తులు 11కి పెరగడంతో గ్రూపు రన్నరప్‌లలో మెరుగైన నలుగురికి అవకాశం వచ్చింది. ఆస్ట్రియా, క్రొయేషియా, ఐర్లాండ్, స్విట్జర్లాండ్ అలా వెళ్లినవే. తన ఖండంలో తొలి ఎనిమిదిలో లేని జట్టు ప్రపంచంలో రెండోది అయింది. ఆ జట్టు స్ట్రైకర్ యోహానెస్ మోజర్ ఎనిమిది గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్. మరోవైపు స్పెయిన్, నెదర్లాండ్స్ ఆ ప్రపంచకప్‌లో లేనే లేవు. స్పెయిన్ కుర్రాళ్లకు ఆట రాదని ఎవరూ అనరు. మూడు మ్యాచ్‌ల మినీ టోర్నీలో అలా జరుగుతుంది, అంతే.

కాబట్టి క్వాలిఫయర్స్‌లో ఓడిన కుర్రాళ్ల జట్టును చూసి దేశ ఫుట్‌బాల్ నాశనమైందని, గెలిచిన జట్టును చూసి స్వర్ణయుగం వచ్చిందని రాసే రాతలను నమ్మాల్సిన పని లేదు. ఇక క్వాలిఫయర్స్ ఆడకుండా ఆతిథ్య హోదాలో వెళ్లడం ఇంకో చివర. 2017లో భారత కుర్రాళ్లు, 2022లో అమ్మాయిలు అండర్-17 ప్రపంచకప్‌లు ఆడింది అలాగే. 2017లో అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4. కొలంబియాపై జీక్సన్ సింగ్ కొట్టిన హెడర్ మన దేశానికి ప్రపంచకప్‌లో తొలి గోల్‌గా మిగిలింది. నిజమే, అది మరిచిపోలేని క్షణం. కానీ నిర్బంధంగా ఆడాల్సిన క్వాలిఫయర్స్ లేకపోవడం ఆ పిల్లలకు మేలు చేసిందా అన్నది వేరే ప్రశ్న. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఎన్ని ఆడినా ఓడితే ఇంటికే అన్న ఒత్తిడిని అవి నేర్పలేవు.

హైదరాబాద్ వైపు చూస్తే

కుర్రాళ్ల స్థాయిలో భారత్ ఆసియా టైటిల్ అందుకున్నది 1974లో. బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ టోర్నీ ఫైనల్లో ఇరాన్‌తో 2-2తో సమంగా నిలిచి కప్పును పంచుకుంది. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదీ షబ్బీర్ అలీ. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన నగర ఫుట్‌బాల్ సంప్రదాయం అప్పటికి ఇంకా బతికే ఉంది. రహీం శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన సంగతి తెలిసిందే.

ఇప్పుడు పరిస్థితి వేరు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నిజామాబాద్ జిల్లా నుంచి సీనియర్ మహిళల జట్టు దాకా వెళ్లిన సౌమ్య గుగులోత్, అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ నడిపే క్రీడా శిక్షణ, ఇలా అక్కడొకటి ఇక్కడొకటి తప్ప పిల్లలు ఏడాది పొడవునా ఆడే లీగుల గొలుసు రెండు రాష్ట్రాల్లోనూ బలంగా లేదు. అండర్-17 జట్టుకు వడపోత పద్నాలుగేళ్లకే మొదలవుతుంది. ఆ వయసుకు ఏటా పాతిక, ముప్ఫై పోటీ మ్యాచ్‌లు ఆడిన పిల్లాడికీ, స్కూల్ గేమ్స్‌లో నాలుగైదు ఆడిన పిల్లాడికీ పోటీ పెడితే ఎవరు ఎంపికవుతారో చెప్పనక్కర్లేదు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ముఖ్యంగా మణిపూర్ పిల్లలు, జాతీయ జట్లలో అంత మంది కనిపించడానికి కారణం వాళ్ల రక్తంలో ఏదో ఉండడం కాదు. వాళ్లు చిన్నప్పటి నుంచీ ఎక్కువ మ్యాచ్‌లు ఆడతారు.

పదిహేడు తర్వాత

భారత్‌కు అసలు గండి అండర్-17 దగ్గర లేదు, ఆ పైమెట్టులో ఉంది. ఆసియా అండర్-20 టోర్నీలో భారత పురుషుల జట్టు చివరిసారి ఆడింది 2006లో, అదీ కోల్‌కతాలో ఆతిథ్య జట్టుగా. 2024 సెప్టెంబరులో లావోస్‌లో జరిగిన క్వాలిఫయర్స్‌లో మంగోలియాను 4-1తో, లావోస్‌ను 2-0తో ఓడించినా ఇరాన్ చేతిలో 0-1 ఓటమి దారి మూసేసింది. అండర్-23 ఆసియా కప్‌కైతే ఇప్పటిదాకా ఒక్కసారీ అర్హత రాలేదు. 2025 సెప్టెంబరులో దోహాలో బహ్రెయిన్‌ను 2-0తో, బ్రూనైను 6-0తో ఓడించి, ఆతిథ్య ఖతార్ చేతిలో 1-2తో ఓడారు. మళ్లీ రెండో స్థానం, మళ్లీ ఆతిథ్య జట్టు చేతిలోనే, మళ్లీ ఒక్క గోల్ తేడా.

పదిహేడేళ్ల దాకా జాతీయ శిబిరం ఒక్కటే పిల్లలను నిలబెట్టగలదు. నెలల తరబడి కలిసి ఉండి, కలిసి ఆడితే వ్యక్తిగత లోపాలు కొంత కప్పబడిపోతాయి. పద్దెనిమిది నుంచి ఇరవై మధ్య జపాన్, ఉజ్బెక్, ఇరాన్ కుర్రాళ్లు తమ క్లబ్బుల్లో పెద్దవాళ్ల సరసన మ్యాచ్‌లు ఆడుతుంటారు. మనవాళ్లు చాలామంది క్లబ్బుల బెంచీ మీద కూర్చుంటారు. లీగ్ మ్యాచ్‌లే తక్కువ, ఉన్నవాటిలో ఆడే నిమిషాలు ఇంకా తక్కువ. క్వాలిఫయర్స్‌లో కనిపించే ఒక్క గోల్ తేడా అక్కడ పుడుతుంది.

పైగా అండర్-20కి ఇప్పటికీ రెండేళ్లకోసారి పద్ధతే నడుస్తోంది. 2027 టోర్నీకి 2007 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు అర్హులు. చోన్‌బురిలో థాయ్‌లాండ్ చేతిలో ఓడిన 2008 బ్యాచ్ అందులో చోటు కోసం తమ కన్నా ఏడాది పెద్దవాళ్లతో పోటీ పడాలి. 2029 టోర్నీ నాటికి వాళ్లకు వయసు దాటిపోతుంది.